ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొనాలా వద్దా? ముందు ఈ పనులు చేసి చూడండి

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ఉంటే వంట తొందరగా అయిపోతుందనే ఆశతో కొనేవాళ్లే ఎక్కువ. మీరు మాత్రం ఆ ఆశతో కొనకండి. గ్యాస్ పొయ్యి మీద గ్లాసు కందిపప్పు మూడు నాలుగు విజిల్స్‌కి ఉడికిపోతుంది. ఆవిరి దిగి మూత వచ్చేసరికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఎలక్ట్రిక్ దాంట్లో అదే పప్పుకి ప్రెషర్ పట్టడానికి ఓ పది నిమిషాలు, ఉడకడానికి పది, ఆవిరి దిగడానికి ఇంకో పది. మొత్తం అరగంట. అంటే టైం ఏమీ మిగలదు. తప్పేది కాపలా. మీట నొక్కి స్నానానికి వెళ్లొచ్చు, మేడ మీద బట్టలు ఆరేసి రావచ్చు, పిల్లాడి పక్కన కూర్చుని హోంవర్కు చేయించొచ్చు. మంట తగ్గించక్కర్లేదు, విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు, టైం అవగానే అదే ఆగిపోతుంది. ఆ కాపలా మీ ఇంట్లో ఎంత బరువుగా ఉందో చూసుకుంటే, కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

మా ఇంటికి ఇది అమ్మ వల్ల వచ్చింది. రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది, డెబ్బై రెండేళ్లు. రెండేళ్లుగా చెవులు సరిగా వినిపించడం లేదు. ఒకరోజు పప్పు పొయ్యి మీద పెట్టి హాల్లో కూర్చుంది. విజిల్ ఎన్నిసార్లు వచ్చిందో వినపడలేదు. నీళ్లన్నీ ఇగిరిపోయి, పప్పు బొగ్గయి, మూత మీదున్న సేఫ్టీ వాల్వ్ కరిగి, ఇల్లంతా పొగ. ఆ వాల్వ్ ఉన్నదే అందుకు కాబట్టి పెద్ద ప్రమాదం తప్పింది. కానీ ఆ ఫోన్ వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ గురించి అన్నీ కూలంకషంగా తెలుసుకున్నది అప్పుడే.

ఒక మాట ముందే చెప్పాలి. మన ఇళ్లల్లో కరెంటు కుక్కర్ అంటే చాలామందికి రైస్ కుక్కరే గుర్తొస్తుంది. అది వేరు. రైస్ కుక్కర్‌లో ప్రెషర్ ఉండదు, నీళ్లు ఇగిరిపోగానే ఆగిపోతుంది, అంతే. నేను చెబుతున్నది మూత బిగించుకుని, లోపల ఆవిరి ఒత్తిడి పట్టి, మనం పెట్టిన నిమిషాల ప్రకారం ఉడికించేది. 2010లో కెనడాలో మొదలైన ఇన్‌స్టంట్ పాట్‌తో ఈ రకానికి ఎక్కువ పేరొచ్చింది. ఇప్పుడు మన దేశంలోనూ చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి.

మొదటి పని: వారం రోజులు రాసుకోండి

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. వారం పాటు ప్రెషర్ కుక్కర్ పొయ్యి ఎక్కిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: ఏం ఉడికించారు, ఆ సమయంలో వంటింట్లోనే నిలబడాల్సి వచ్చిందా, నిలబడటం వల్ల వేరే పని ఏదైనా ఆగిందా. వారం తర్వాత చూస్తే లెక్క తేలిపోతుంది. నిలబడాల్సి వచ్చిన రోజులు నాలుగైదు దాటితే కొనే ఆలోచన చేయొచ్చు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్క పొయ్యి మీద కూర కలుపుతూ ఎలాగూ అక్కడే ఉంటున్నారంటే మీకు దీని అవసరం లేదు. ఆ డబ్బుతో మంచి స్టీలు కుక్కర్ కొనుక్కోండి, ఇరవై ఏళ్లు వస్తుంది.

గ్యాస్ ఆదా అవుతుందని మాత్రం కొనకండి. రెండు లీటర్ల నీళ్లని 30 డిగ్రీల నుంచి 117 డిగ్రీలకు తేవడానికి దాదాపు 0.2 యూనిట్ల కరెంటు కావాలి. అటూ ఇటూ పోయే వేడి కలుపుకుని, యూనిట్ 6 రూపాయలనుకుంటే రూపాయిన్నర లోపే. అదే వేడికి గ్యాస్ సుమారు 27 గ్రాములు ఖర్చవుతుంది. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలనుకుంటే అది రూపాయి డెబ్బై పైసలు. ఆరేడు వేలు పెట్టి కొన్న వస్తువు ఈ తేడాతో ఎన్నేళ్లకి గిట్టుబాటవుతుందో మీరే లెక్కేసుకోండి.

రెండో పని: మీ ఇంటి వంటలతో సరిచూసుకోండి

ఇది చేయలేని వంటలు మన ఇళ్లల్లో చాలా ఉన్నాయి. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, వంకాయ కూర, దోసె, చపాతీ, అప్పడాలు, ఇవన్నీ పొయ్యి మీదే. సాటే మీట (మూత తీసి వేయించుకోవడానికి ఉండేది) నొక్కి పోపు పెట్టొచ్చంటారు, పెట్టొచ్చు కూడా. కానీ ఆవాలు చిటపటలాడేసరికి మన ఓపిక అయిపోతుంది. చిన్న పోపు గిన్నె పొయ్యి మీద పెట్టుకోవడమే మేలు. గంజి వార్చి అన్నం తినే అలవాటున్న ఇళ్లకి అన్నం విషయంలోనూ ఇది పనికిరాదు.

ఇక ఇది బాగా చేసేవి. పప్పులు, సాంబారు పప్పు, శనగలు, రాజ్మా, బొబ్బర్లు, మటన్, నాటుకోడి, ఎముకల సూప్, పాయా. ఎంత ఎక్కువసేపు ఉడకాల్సిన వంటకం అయితే దీని విలువ అంత ఎక్కువ. పావుగంట పప్పు దగ్గర నిలబడటం పెద్ద కష్టం కాదు. గంటసేపు ఉడికే పాయా దగ్గర మంట పెంచుతూ తగ్గిస్తూ, నీళ్లు ఉన్నాయో లేదో అని టెన్షన్ పడటం కష్టం.

నా మట్టుకు నాకు ఈ కుక్కర్ డబ్బులు రాబట్టింది ఉలవచారే. పావు కిలో ఉలవలు కడిగి, రాళ్లేరి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న లీటరున్నర నీళ్లతో గిన్నెలో వేసి, హై ప్రెషర్ మీద 50 నిమిషాలు పెట్టండి. పొయ్యి మీదైతే పదిహేను ఇరవై విజిల్స్ కావాలి, మధ్యలో నీళ్లు పొంగి వెయిట్ దగ్గర గోధుమరంగు మరకలు కారుతూ ఉంటాయి. ఇక్కడ ఒక్క చుక్క కారదు. ఆవిరి దానంతట అది దిగాక మూత తీస్తే నీళ్లు ముదురు ఇటుక రంగులోకి తిరిగి ఉంటాయి, గరిటెతో ఎత్తి పోస్తే కాస్త జిగురుగా జారతాయి. ఆ కట్టు వడకట్టి, చింతపండు పులుసు పోసి, మందపాటి గిన్నెలో పొయ్యి మీద మరిగించండి. కుక్కర్‌లోనే మూత తీసి మరిగించొచ్చు గానీ, చారు చిక్కబడటానికి పొయ్యి మంటే బాగుంటుంది. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. తినేటప్పుడు మీగడ. ఉడికిన ఉలవలు పారేయకండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి గుగ్గిళ్లు చేసుకోవచ్చు.

మూడో పని: కరెంటు, చోటు

6 లీటర్లది మామూలుగా 1000 వాట్లు తీసుకుంటుంది. మన 230 వోల్టుల కరెంటు మీద అది నాలుగు ఆంప్స్‌కి కాస్త ఎక్కువ. గోడలోని గట్టి సాకెట్‌కే పెట్టండి. టీవీ, ఫోన్ చార్జర్లు వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టకండి, ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అని ధీమా వద్దు. ఫ్యాన్లకి, లైట్లకి పెట్టించుకున్న చిన్న ఇన్వర్టర్ ఈ లోడ్ మోయలేదు. మీ ఊళ్లో రోజూ వంటవేళకే కరెంటు పోతుంటే ఈ కొనుగోలు వాయిదా వేసుకోండి.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకుందామని చాలామంది అనుకుంటారు. వద్దు. అక్కడి కుక్కర్లు 120 వోల్టులకి చేసినవి. మన 230 వోల్టుల సాకెట్‌లో ప్లగ్గు మార్చి పెడితే కాలిపోతుంది. దానికోసం కొనే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ధర కలిపితే ఇక్కడ కొన్నదే చవక.

చోటు విషయంలో రెండే జాగ్రత్తలు, రెండూ ముఖ్యమైనవే. ఒకటి, పైన చెక్క అరమర ఉన్న చోట పెట్టకండి. రోజూ ఆవిరి తగిలి చెక్క ఉబ్బి, అంచులు ఊడొస్తాయి. రెండోది, గట్టు మీద చోటు లేదని గ్యాస్ పొయ్యి మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, ఖాళీగా ఉన్నా సరే. ఎవరో పొరపాటున నాబ్ తిప్పితే అడుగు ప్లాస్టిక్ అంతా కరిగి, లోపలి వైర్లు కాలిపోతాయి.

నాలుగో పని: సైజు, గిన్నె

మీరు కొనే లీటర్లు, మీరు వండే లీటర్లు ఒకటి కావు. ఏ వంటకైనా గిన్నెలో మూడింట రెండు వంతులు దాటకూడదు. పప్పులు, బియ్యం లాంటి నురగొచ్చేవి, ఉబ్బేవి అయితే సగమే. అంటే 6 లీటర్ల దాంట్లో పప్పు నీళ్లతో కలిపి 3 లీటర్లే. ఇద్దరికి 3 లీటర్లది సరిపోతుంది. నలుగురైదుగురికి 6. పండగలకి ఇంటి నిండా జనం వచ్చే ఇల్లయితే 8. అనుమానంగా ఉంటే పెద్దదే తీసుకోండని అందరూ అంటారు, కానీ అమ్మలాంటి ఒంటరి మనిషికి 6 లీటర్ల గిన్నె కడగడమే ఒక పని. అమ్మకి 3 లీటర్లదే కొన్నాను.

లోపలి గిన్నె స్టీలుదే తీసుకోండి. నాన్‌స్టిక్ గిన్నెకి మన గరిటెలు, మన పీచు పడవు, రెండేళ్లకే గీతలు పడి పూత లేస్తుంది. కొనేముందు రబ్బరు, గిన్నె విడిగా దొరుకుతాయో లేదో, మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో చూడండి. నా మొదటి కుక్కర్‌కి ఏడాదిన్నరకి రబ్బరు వదులైతే, ఆ మోడల్‌కి రబ్బరు ఎక్కడా దొరకలేదు. మిగతాదంతా నిక్షేపంలా ఉన్న వస్తువు అటక ఎక్కింది.

ఐదో పని: మొదటి రోజు నీళ్లే ఉడికించండి

తెచ్చిన రోజే బిర్యానీ జోలికి పోకండి. గిన్నె బయటివైపు గుడ్డతో పొడిగా తుడిచి లోపల పెట్టండి. మూడు గ్లాసుల నీళ్లు పోయండి. మూత తిప్పి బిగించండి, ఆవిరి వాల్వ్‌ని మూసిన వైపు పెట్టండి. హై ప్రెషర్, 5 నిమిషాలు.

ఇప్పుడు పక్కనే నిలబడి చూడండి, ఈ ఒక్కసారికి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. ఏడెనిమిది నిమిషాలకి మూత మీది చిన్న పిన్ను చుట్టూ సన్నగా ఆవిరి చిమ్ముతుంది. పిన్ను కొంచెం ఊగుతుంది, పడుతుంది, మళ్లీ ఊగుతుంది. ఉన్నట్టుండి టప్పుమని పైకి లేచి నిలబడుతుంది, ఆ సొద మొత్తం ఆగిపోతుంది. ప్రెషర్ పట్టిందన్నమాట. నిమిషాల లెక్క అప్పుడు మొదలవుతుంది, మీట నొక్కినప్పుడు కాదు. పిన్ను కింద పడేదాకా మూత రాదు, బలవంతం చేయకండి.

మొదటిరోజు అమ్మ దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. "ఇదేంటే, కూయదా?" అంది. "కూయదమ్మా, దానికి నోరు లేదు." "మరి ఉడికిందని ఎట్టా తెలుస్తుంది?" "ఆ పిన్ను పడితే ఉడికినట్టు." అమ్మ కళ్లజోడు సరిచేసుకుని పిన్ను కిందపడేదాకా చూసింది. చెవులతో చేసే పని కళ్లతో చేయొచ్చని తెలిశాక ఆవిడ ముఖంలో కనిపించిన నిశ్చింత కోసమైనా ఆ డబ్బు పెట్టొచ్చు.

ఆవిరి వదిలే పద్ధతులు రెండు. పప్పులు, అన్నం, మాంసం అయితే ఆవిరి దానంతట అదే దిగనివ్వాలి, కనీసం పది నిమిషాలు. కూరగాయల్లాంటివైతే వాల్వ్ తిప్పి వెంటనే వదిలేయొచ్చు. పప్పు ఉన్నప్పుడు వెంటనే తిప్పితే పసుపు నీళ్లు గోడంతా చిమ్ముతాయి. తిప్పేటప్పుడు చేతికి బదులు పొడుగాటి గరిటె కాడ వాడండి, ముఖం పక్కకి పెట్టండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఆరో పని: విజిల్స్‌ని నిమిషాల్లోకి మార్చుకోండి

మనకి వంట విజిల్స్‌లోనే వచ్చు. కానీ విజిల్ అనేది టైం లెక్క కాదు. మంట పెద్దదైతే నిమిషానికి ఒకటి, చిన్నదైతే ఐదు నిమిషాలకి ఒకటి. పైగా పొయ్యి మీది కుక్కర్‌లో ఒత్తిడి చదరపు అంగుళానికి 15 పౌండ్ల దాకా వెళ్తుంది, లోపల వేడి 120 డిగ్రీలు. ఎలక్ట్రిక్ వాటిలో చాలావరకు 10 నుంచి 12 పౌండ్లే, వేడి 115 నుంచి 118. అందుకే ఇందులో కాస్త ఎక్కువసేపు పెట్టాలి.

మా వంటింట్లో కుదిరిన లెక్కలు ఇవి, మీ బియ్యాన్ని, మీ నీళ్లని బట్టి ఒకటి రెండు నిమిషాలు మార్చుకోండి. కందిపప్పు నానబెట్టకుండా 10 నిమిషాలు, గ్లాసుకి మూడు గ్లాసుల నీళ్లు. సోనా మసూరి 5 నిమిషాలు, గ్లాసుకి గ్లాసుంపావు నీళ్లు చాలు. ఇందులో ఆవిరి బయటికి పోదు కాబట్టి పొయ్యి మీద పోసినట్టు రెండు గ్లాసులు పోస్తే జావైపోతుంది. కొత్త బియ్యమైతే ఇంకో రెండు చెంచాలు తగ్గించండి. రాత్రంతా నానిన కాబూలీ శనగలు 20, రాజ్మా 30. మటన్ 25. నాటుకోడి ముదురుదైతే 30, ఫారం కోడి 8. పాయాకి గంట పైనే. ఏ వంటకైనా అడుగున కనీసం గ్లాసు నీళ్లైనా ఉండాలి, లేకపోతే ప్రెషర్ పట్టదు.

రాజ్మా విషయంలో ఒక హెచ్చరిక. చాలా కుక్కర్లలో స్లో కుక్ అనే మీట ఉంటుంది, అందులో రాజ్మా ఎప్పుడూ వండకండి. పచ్చి రాజ్మాలో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుంది, బాగా మరిగితేనే అది పోతుంది. స్లో కుక్‌లో వేడి అంతదాకా వెళ్లకపోవచ్చు, తిన్నవాళ్లకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ప్రెషర్ మీద వండితే ఏ భయమూ లేదు.

పప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటోందా? కుక్కర్‌ని తిట్టకండి. ఉప్పగా ఉండే బోరు నీళ్లలో సున్నం శాతం ఎక్కువ, ఆ నీళ్లలో పప్పు సరిగా మెత్తబడదు. తాగే నీళ్లతో వండి చూడండి. పులుపు కూడా అంతే. చింతపండు, గోంగూర, పప్పు ఉడికాకే కలపాలి.

ఇడ్లీకి వాల్వ్ తెరిచి ఉంచాలి, ప్రెషర్ పట్టకూడదు. అలా ఉంచితే చాలా మోడల్స్‌లో నిమిషాల లెక్క నడవదు, కాబట్టి ఫోన్‌లో 12 నిమిషాల అలారం పెట్టుకోండి. గిన్నెని గోరువెచ్చగా ఉంచి పెరుగు తోడుకునేలా చేసే పెరుగు మీట మన ఎండలకి అక్కర్లేదు. కానీ డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉండి, చలికాలంలో ఇడ్లీ పిండి పులవక ఓవెన్ లైటు కింద పెట్టుకునేవాళ్లకి ఆ ఒక్క మీటే చాలు. పిండికి మాత్రం గిన్నె సగమే నింపి, బిగించే మూత కాకుండా మామూలు పళ్లెం మూత పెట్టండి. పొంగిన పిండి వాల్వ్‌లోకి వెళ్తే శుభ్రం చేయడం నరకం.

ఏడో పని: 'బర్న్' అని చూపిస్తే

రెండో వారంలో నాకు ఎదురైంది ఇదే. టమాటా పప్పు. సాటే మీద ఉల్లిపాయలు, టమాటాలు వేయించి, పప్పు, నీళ్లు పోసి మూత బిగించాను. ఐదు నిమిషాలకి కీచుమని, అద్దం మీద 'బర్న్'. భయపడి వైరు పీకేశాను. అడుగున టమాటా గుజ్జు అంటుకుని ఉంది, అంతే. అడుగు మరీ వేడెక్కితే అది తనంతట తాను ఆగిపోతుంది, పాడవలేదు. మీకూ ఇలా అయితే ఆపేసి, ఆవిరి దిగాక మూత తీసి, చెక్క గరిటెతో అడుగు గీకి, అర గ్లాసు నీళ్లు పోసి మళ్లీ పెట్టండి. అసలు రాకుండా ఉండాలంటే వేయించాక కొంచెం నీళ్లు పోసి అంటుకున్న మసాలా అంతా గీకేయండి, పప్పు వేశాక టమాటాలు పైపైన పరిచి కలపకుండా వదిలేయండి. మటన్ కూరకీ ఇదే సూత్రం.

వాడటం మొదలుపెట్టాక

రబ్బరు సాంబారు వాసన పట్టేస్తుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. రెండు రబ్బర్లు ఉంచుకోండి, ఒకటి కారం వంటలకి, ఇంకోటి పాయసానికి, జున్నుకి. కడిగాక మూతని బిగించకుండా తిరగేసి ఆరనివ్వండి. పిన్ను, వాల్వ్ వారానికోసారి ఊడదీసి కడగండి, పప్పు పలుకు ఇరుక్కుంటే పిన్ను లేవదు. సాగినా, పగిలినా రబ్బరు వెంటనే మార్చేయండి. అడుగు భాగాన్ని నీళ్లలో ముంచకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

లోపలి గిన్నె లేదన్న సంగతి చూసుకోకుండా నీళ్లు నేరుగా కుక్కర్‌లోకి పోసేయడం చాలా ఇళ్లల్లో జరిగే పొరపాటు. మా ఇంట్లోనూ జరిగింది. వెంటనే వైరు తీసి, నీళ్లు వంపేసి, సర్వీస్ సెంటర్‌లో చూపించాకే మళ్లీ వాడాను. అప్పటి నుంచి గిన్నె కడిగి ఆరిన వెంటనే కుక్కర్‌లోనే పెట్టేస్తున్నాం, గట్టు మీద విడిగా ఉంచం. రాజమండ్రిలో అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. గిన్నె తీసినప్పుడల్లా ఆ ఖాళీలో అడ్డంగా చెక్క గరిటె పెడుతుంది. గరిటె కనిపిస్తే గిన్నె లేనట్టు. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడబోతుంటే ఈ పద్ధతి మొదటి రోజే నేర్పండి.